అరవై సెంటీమీటర్ల బోర్డు కారులో ఎక్కడ పెట్టాలి?

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ కమిషనర్ గారికి, వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, ఉద్యోగుల రవాణా కాంట్రాక్టులు నడుపుతున్న యాజమాన్యాలకు,

విషయం: ఉద్యోగులను, సరుకును చేరవేసే పని వాహనాలలో ధూమపాన నిషేధం గురించి, హెచ్చరిక బోర్డుల నిబంధన గురించి.

నమస్కారం.

నేను హైదరాబాదులో ఐటీ కంపెనీల ఉద్యోగులను ఇళ్ల నుంచి ఆఫీసులకు, ఆఫీసుల నుంచి ఇళ్లకు చేర్చే బళ్ల మీద తొమ్మిదేళ్లు డ్రైవరుగా పనిచేశాను. ఇప్పుడు అలాంటి బళ్లనే డ్యూటీలకు పంపించే ఒక ట్రాన్స్‌పోర్టు సంస్థలో సూపర్‌వైజరుగా ఉన్నాను. జీవితంలో నేను ఒక్క సిగరెట్టు కూడా కాల్చలేదు. అయినా ఆ తొమ్మిదేళ్లలో నా ఊపిరితిత్తులలోకి ఎంత పొగ పోయిందో లెక్క చెప్పడం నా వల్ల కాదు. ఈ లేఖ రాయడానికి మొదటి కారణం అదే. రెండో కారణం, నా తరువాత అదే సీట్లో కూర్చున్న కుర్రవాళ్లు ఇవాళ కూడా అదే పొగ పీలుస్తున్నారు.

ఒక రాత్రి సంగతి చెబుతాను. మాదాపూర్‌లో రాత్రి రెండున్నరకు లాగౌట్, అంటే ఉద్యోగులు పని ముగించి దిగే వేళ. ఎల్బీ నగర్ వైపు నలుగురి డ్రాప్. ముందు సీట్లో కూర్చున్నాయన వయసులోనూ ఉద్యోగంలోనూ ఆ నలుగురిలో పెద్ద. బండి మెహదీపట్నం దాటకముందే ఆయన కిటికీ అద్దం నాలుగు వేళ్లంత దించి సిగరెట్టు వెలిగించారు. వెనక కూర్చున్న అమ్మాయి చున్నీని ముక్కు మీదికి లాక్కుని అద్దానికి తల ఆనించింది. అద్దంలో ఆమె కళ్లు నాకు కనబడుతూనే ఉన్నాయి. ఆమె ఆయనతో ఏమీ అనలేదు, ఎందుకంటే ఆయన ఆమెకు పైఅధికారి. నేనూ ఏమీ అనలేదు. అంతకు కొన్ని నెలల ముందు మరొకరితో "సార్, బండిలో వద్దండి" అన్నందుకు, డ్రైవరు ప్రవర్తన బాగాలేదని నా మీద ఫిర్యాదు వెళ్లి, మూడు రోజులు నాకు డ్యూటీ ఇవ్వలేదు. మూడు రోజుల డ్యూటీ పోతే ఆ నెల బండి కిస్తీకి ఎవరి దగ్గర చేయి చాచాలో డ్రైవరుగా బతికినవారికే తెలుస్తుంది. అందుకని ఆ రాత్రి నలభై నిమిషాలు మిగతా నలుగురం ఆ పొగలోనే కూర్చున్నాము.

కిటికీ దించితే పొగ బయటికే పోతుందని చాలామంది నమ్మకం. రోజూ బండి నడిపేవారికి అది నిజం కాదని తెలుసు. బండి కదులుతున్నప్పుడు ముందు కిటికీలోంచి వచ్చే గాలి కొంత పొగను బయటికి లాగినా మిగతాదాన్ని వెనక సీటు మీదికే తోస్తుంది. సిగ్నలు దగ్గర ఆగితే అంతా లోపలే నిలబడిపోతుంది. ఒక గదిలో ఎవరైనా పొగ తాగుతుంటే లేచి వెళ్లిపోవచ్చు. నడుస్తున్న కారులోంచి ఎక్కడికి వెళ్లగలం?

ఇంకొక సంగతి పగటి డ్యూటీ డ్రైవర్లకు బాగా తెలుసు. మా దగ్గర ఒకే బండిని పగలు ఒకరు, రాత్రి ఒకరు నడుపుతారు. రాత్రి డ్యూటీ చేసినవాడు నిద్ర ఆపుకోవడానికి నాలుగు సిగరెట్లు కాల్చి దిగిపోతే, పొద్దున ఆరింటికి తాళం తీసుకున్నవాడు ఆ వాసనలోనే పన్నెండు గంటలు కూర్చోవాలి. నేను రోజూ తడిబట్టతో డ్యాష్‌బోర్డు, అద్దం లోపలివైపు, స్టీరింగు తుడిచేవాడిని. బట్ట టీ డికాషన్‌లో ముంచి తీసినట్టు పసుపు, గోధుమ కలిసిన రంగుకు తిరిగేది. సీటు కవరు మీద కందిగింజంత కాలిన చిల్లులు ఉండేవి. అద్దాలు దించి ఎంత తిప్పినా, వేపాకు పెట్టినా, నిమ్మకాయ కోసి పెట్టినా ఆ వాసన పోయేది కాదు, ఎందుకంటే అది గాలిలో మిగిలిన వాసన కాదు, సీటు స్పాంజిలోకి, పైకప్పు గుడ్డలోకి ఇంకిపోయిన మడ్డి. అప్పుడు ఉద్యోగి ఎవరైనా బండి కంపు కొడుతోందని రాస్తే, శుభ్రం చేయించే ఖర్చు పొగ తాగినవాడి జీతంలోంచి కాక ఆ పూట డ్యూటీలో ఉన్నవాడి జీతంలోంచి కోసేవారు. నాకు రెండుసార్లు కోశారు.

ఇక చట్టం సంగతి. చట్టం లేదని నేను అనడం లేదు. బహిరంగ ప్రదేశాలలో, ప్రజా రవాణా వాహనాలలో పొగ తాగడాన్ని ఆపించాలని మురళీ దేవ్‌రా దాఖలు చేసిన కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న ఆదేశించింది. 2003లో పార్లమెంటు సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం చేసింది. జనం వాడుకలో దాని పేరు కోట్పా. దాని 4వ సెక్షను బహిరంగ ప్రదేశాలలో ధూమపానాన్ని నిషేధించింది. బహిరంగ ప్రదేశాల జాబితాలో ప్రజా రవాణా వాహనాలు కూడా ఉన్నాయి. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, అమలులోకి వచ్చిన నియమాలు పని ప్రదేశాలను కూడా ఆ జాబితాలో చేర్చాయి. ఉల్లంఘిస్తే 200 రూపాయల వరకూ జరిమానా. ఆ ప్రదేశానికి బాధ్యుడైన యజమాని గానీ మేనేజరు గానీ అక్కడ ఎవరూ పొగ తాగకుండా చూడాలి. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అందుబాటులో ఉంచకూడదు. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ వ్యక్తి పేరు అందరికీ కనబడేలా పెట్టాలి. చదివితే ఎంత బాగున్నాయి ఈ నియమాలు!

కానీ ఇవి గోడలున్న కట్టడాన్ని మనసులో పెట్టుకుని రాసిన నియమాలు. ప్రవేశద్వారం దగ్గర బోర్డు ఉండాలి, అంతస్తులు ఉంటే ప్రతి అంతస్తులో ఉండాలి, మెట్ల దగ్గర, లిఫ్టు దగ్గర ఉండాలి అని వాటిలో ఉంది. ఆ బోర్డు కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. తెల్లని నేపథ్యం మీద కనీసం 15 సెంటీమీటర్ల వ్యాసం గల వలయం, దానికి 3 సెంటీమీటర్ల ఎర్రని అంచు, మధ్యలో నల్లని పొగతో సిగరెట్టు లేదా బీడీ బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రని పట్టీ ఉండాలి. నేను ఈ కొలతలు చదివిన రోజు ఒక అట్టముక్కను 60 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్లు కొలిచి కత్తిరించి, మా కారులోకి తీసుకెళ్లి పెట్టి చూశాను. డ్యాష్‌బోర్డు మీద పెడితే రోడ్డు కనబడదు. తలుపుకు పెడితే అద్దం దించే మీట మూసుకుపోతుంది. డ్రైవరు సీటు వెనక పెడితే రెండు పక్కలా సీటు దాటి బయటికి పొడుచుకు వస్తుంది. నియమం పాటించాలని మనసు పడినవాడు కూడా కారులో ఆ నియమాన్ని పాటించలేడు. ఆర్టీసీ బస్సులో డ్రైవరు వెనకున్న పలక మీద "పొగ త్రాగరాదు" అని రంగుతో రాసే అలవాటు ఎప్పటినుంచో ఉంది, అందుకే అక్కడ జనం మానుకున్నారు. కారులో, టెంపోలో, సరుకు వ్యానులో అలాంటి రాత ఎక్కడా లేదు.

పెట్రోలు ట్యాంకరు వెనక ఎర్రటి అక్షరాలతో ఆ హెచ్చరిక తప్పకుండా ఉంటుంది. నిప్పు అంటుకుంటుందన్న భయం అందరికీ ఉంది కాబట్టి అక్కడ ఎవరూ వాదించరు. మెల్లగా అంటుకునే ప్రమాదానికి మాత్రం మన బళ్లలో అక్షరాలు దొరకలేదు. ఇతరులు వదిలిన పొగ పీల్చడం వల్లనే ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా మంది ప్రాణాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2016-17లో జరిగిన పొగాకు సర్వేలో, భవనాల లోపల పనిచేసేవారిలో, పనిచేసే చోట ఇతరుల పొగ పీలుస్తున్నామని చెప్పినవారు 30.2 శాతం. డ్రైవరుకు పనిచేసే చోటు ఏది? అతని సీటు.

పని ప్రదేశం అన్న మాటలోనే వాహనం కూడా వస్తుందని కొందరు వకీళ్లు అంటారు. రావచ్చు. కానీ అది నియమాలలో విడిగా రాసి లేదు, రాయనిదాన్ని అర్ధరాత్రి బండిలో డ్రైవరు ఎవరికి చూపించగలడు? పొగాకు నియంత్రణ కోసం జరిగిన అంతర్జాతీయ ఒప్పందానికి భారతదేశం 2004 ఫిబ్రవరిలోనే ఆమోదం తెలిపింది. ఆ ఒప్పందంలోని 8వ అధికరణం అమలుకు 2007లో ఆమోదించిన మార్గదర్శకాలు, పనిలో వాడే వాహనాలు పని ప్రదేశాలేననీ, ఆ సంగతిని ప్రత్యేకంగా పేర్కొనాలనీ స్పష్టంగా చెప్పాయి. మనం ఒప్పుకున్న మాటే అది. దాన్ని మన నియమాలలోకి దించడమే మిగిలింది.

మోటారు వాహనాల చట్టం వైపు నుంచి చూస్తే చిక్కు ఇంకా ఎక్కువ. కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 21వ నియమం ప్రకారం ప్రజా సేవా వాహనం, అంటే కిరాయికి జనాన్ని ఎక్కించుకునే బండి, నడుపుతూ డ్రైవరు పొగ తాగితే అతని లైసెన్సు మీదికే వస్తుంది. అది న్యాయమే, నేను కాదనను. కానీ అదే బండిలో పక్క సీట్లో కూర్చున్నవారు తాగితే 200 రూపాయలు, అదీ ఎవరైనా వచ్చి రాస్తే. ఇంకా లోతుకు వెళితే, ఒక ఫ్యాక్టరీ తన సొంత బస్సులో తన కార్మికులను కిరాయి తీసుకోకుండా తిప్పితే, చట్టం దృష్టిలో అది ప్రజా సేవా వాహనం కాదు, ప్రైవేటు సేవా వాహనం. సరుకు వ్యాను గూడ్సు వాహనం. అంటే ఆ 21వ నియమంలోని మాట వీటికి వర్తించదు. పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల వైపు పొద్దున్నే వరసగా వెళ్లే బస్సులలో కొన్ని కాంట్రాక్టువి, కొన్ని కంపెనీల సొంతవి. బయట నుంచి చూస్తే తేడా తెలియదు. లోపల కూర్చున్నవారి ఊపిరికి ఆ రిజిస్ట్రేషను తేడా ఎందుకుండాలో నాకు అర్థం కాదు.

ఇలాంటి నియమం వాహనాలకు తగినట్టు రాయడం సాధ్యమేనని చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. ఇంగ్లాండులో 2007 జూలై 1 నుంచి ఒక నియమం నడుస్తోంది. ప్రజలు ఎక్కే వాహనంలోనూ, ఒకరికి మించి పనివారు వాడే వాహనంలోనూ, వారు వేరువేరు సమయాలలో వాడినా సరే, పొగ తాగకూడదు. అంటే రాత్రి డ్రైవరు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తాగకూడదు, ఎందుకంటే పొద్దున అదే సీటు ఇంకొకరిది. ఒక్కరే వాడుకునే బండికి, ప్రధానంగా సొంత అవసరాలకు వాడుకునే బండికి ఈ నియమం లేదు. 2007లో ఆ నియమం తెచ్చినప్పుడు బోర్డు కొలత కూడా బండికి తగినట్టే పెట్టారు: కనీసం 70 మిల్లీమీటర్ల వ్యాసం గల నిషేధ చిహ్నం, మనుషులు కూర్చునే ప్రతి అరలో ఒకటి. అరచేతిలో పట్టే స్టిక్కరు అది. మా పగలు, రాత్రి డ్రైవర్ల గొడవను మా కంటే ముందే చూసి రాసినట్టుంది ఆ నియమం.

కమిషనర్ గారూ, బోర్డు కొలత మార్చడం కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ చేతిలో ఉందని నాకు తెలుసు. వాహనాలకు విడిగా చిన్న స్టిక్కరు కొలతను నిర్ణయించమని రాష్ట్రం తరఫున వారికి రాయవలసిందిగా వైద్య ఆరోగ్య శాఖ వారిని కోరుతున్నాను. అయితే ఢిల్లీ నుంచి జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిన అవసరం లేదు. కాంట్రాక్టు క్యారేజీలకు, ప్రైవేటు సేవా వాహనాలకు, గూడ్సు క్యారేజీలకు పర్మిట్లు ఇచ్చేది మీ శాఖే, ఆ పర్మిట్లకు షరతులు జోడించే అధికారం మోటారు వాహనాల చట్టంలో ఉంది. ఒకరికి మించి పనివారు వాడే ప్రతి బండీ అన్ని వేళలా పొగ లేని బండిగా ఉండాలనీ, ప్రతి వరస సీట్లకు కనబడేలా తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో స్టిక్కరు ఉండాలనీ, దాని మీద ఫిర్యాదు తీసుకునే బాధ్యుడి పేరు, ఫోను నంబరు ఉండాలనీ ఒక షరతు పెట్టవచ్చు. మొత్తం బరువు 3,000 కిలోలు మించని చిన్న సరుకు బళ్లకు పర్మిట్ అక్కర్లేదు కాబట్టి అవి తప్పించుకుంటాయి. కానీ ఆ బళ్లు కూడా ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీకి, రావలసిందే. ఫిట్‌నెస్‌కు తెచ్చిన బండిలో ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉందా, వైపర్లు తిరుగుతున్నాయా, రిఫ్లెక్టరు టేపు అంటించారా అని బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు చూస్తూనే ఉన్నారు. ఆ చూపులోనే స్టిక్కరు ఉందా లేదా అన్నది కూడా పడుతుంది. దానికి కొత్త సిబ్బంది అక్కర్లేదు, కొత్త ఆఫీసు అక్కర్లేదు.

ఒక్క సంగతి మాత్రం దయచేసి జాగ్రత్తగా చూడండి. బండికి బాధ్యుడు ఎవరు అన్నది రాసేటప్పుడు, తలుపు తీస్తే ముందు కనబడేవాడు కాబట్టి డ్రైవరే అని రాసేయకండి. 2008 నియమాల ప్రకారం ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని బాధ్యుడి మీద, అక్కడ జరిగిన నేరాల లెక్కన జరిమానా పడుతుంది. పన్నెండు గంటల డ్యూటీకి నెలకు ఇంత అని తీసుకునే డ్రైవరు తన బండి ఎక్కిన మేనేజరును ఆపలేనందుకు ఆ జరిమానా కట్టడం అన్యాయం. స్టిక్కరు పెట్టించవలసింది, ఫిర్యాదు వినవలసింది, చర్య తీసుకోవలసింది బండి యజమాని, ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు, బండిని పెట్టుకున్న కంపెనీ. డ్రైవరు చేయవలసినవి రెండే: తను తాగకుండా ఉండడం, ఎవరైనా వెలిగిస్తే ఒకసారి మర్యాదగా చెప్పి, ఆపకపోతే ఆ సంగతి ట్రిప్పు షీటులో రాయడం. అలా రాసిన డ్రైవరు డ్యూటీ కోయకూడదని కూడా షరతులోనే ఉండాలి.

యాజమాన్యాలకు నా మనవి వేరు. మీ ఆఫీసు భవనంలో లిఫ్టు పక్కన కొలతలు తప్పని బోర్డు పెట్టించారు. అదే ఉద్యోగి కిందికి దిగి మీరు డబ్బు కడుతున్న కారు ఎక్కగానే మీ నియమం ఎందుకు ఆగిపోవాలి? ఉద్యోగుల ప్రవర్తన నియమావళిలో ఆఫీసు బండి కూడా ఆఫీసే అని ఒక్క వాక్యం చేర్చండి. వాసన ఫిర్యాదు వస్తే శుభ్రం చేయించే ఖర్చు డ్రైవరు జీతంలోంచి కోయడం ఆపించండి. ముఖ్యంగా, డ్రైవర్లకు నిద్ర ఇవ్వండి. రాత్రి డ్యూటీలో సిగరెట్టు కాల్చే మా కుర్రవాళ్లలో చాలామందికి అది సరదా కాదు, రెప్ప వాలకుండా ఉండడానికి వాళ్లకు తెలిసిన ఒకే ఒక్క మార్గం. ట్రిప్పుకు ట్రిప్పుకు మధ్య ఇరవై నిమిషాలు బండి దిగి కాళ్లు చాపుకునే చోటు, ముఖం కడుక్కునే నీళ్లు, ఒక కప్పు టీ ఉంటే బండిలో వెలిగించే అవసరం సగం తగ్గుతుంది. ఇది నేను పంపిస్తున్న ఇరవై ఆరు బళ్లలో కళ్లారా చూసి చెబుతున్న మాట. ఆ అలవాటు మానాలనుకునేవారికి సాయం చేసే ఉచిత ఫోను సేవ 1800-11-2356 ఉంది. ఆ నంబరును జీతం చీటీ మీద అచ్చు వేయించడానికి మీకు ఖర్చేమీ కాదు.

నాతోటి డ్రైవర్లు కొందరు ఈ లేఖ చదివి, ఉన్న రూల్సు చాలవా, నువ్వు ఇంకొకటి తెచ్చిపెడుతున్నావని నా మీద కోపపడతారు. తమ్ముళ్లూ, చలానాల బాధ నాకు తెలియనిది కాదు. కానీ ఇది మీ మీదికి వచ్చే రూలు కాదు. ఎదుటివాడికి నోరు తెరిచి చెప్పలేని చోట మీ బదులు మాట్లాడే కాగితం కావాలని అడుగుతున్నాను.

పోయిన వేసవిలో నేను సొంత డబ్బుతో స్టిక్కర్లు అచ్చు వేయించాను. ఎర్రని వలయం, మధ్యలో కొట్టేసిన సిగరెట్టు బొమ్మ, కింద "ఈ బండిలో పొగ తాగరాదు" అని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో. ఇరవై ఆరు బళ్లలో డ్యాష్‌బోర్డు మీద ఒకటి, డ్రైవరు సీటు వెనక ఒకటి అంటించాము. చాలామంది ఉద్యోగులు, ముఖ్యంగా ఆడపిల్లలు, సంతోషించారు. ఇద్దరు ముగ్గురు ఫోను చేసి మరీ చెప్పారు. ఒకాయన మాత్రం వేలితో స్టిక్కరును తట్టి, ఇది ఏ జీవో ప్రకారం పెట్టారని మా డ్రైవరును అడిగారు. ఆ కుర్రవాడు నాకు ఫోను చేశాడు. నా దగ్గర 2003 చట్టం ఉంది, 2008 నియమాలు ఉన్నాయి, కానీ ఈ బండికి, ఈ కొలతకు, ఈ స్టిక్కరుకు అని చూపించగల ఉత్తర్వు ఒక్కటీ లేదు. ఆ పూట మా డ్రైవరు ఏమీ అనలేక అద్దాలు నాలుగూ దించి బండి నడిపాడు.

రెండో విడత స్టిక్కర్లు వేయించినప్పుడు కింది అంచున ఒక గీత మేర ఖాళీ వదిలించాను. మీరు ఇచ్చే ఉత్తర్వు నంబరు, తేదీ అక్కడ రాయిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
ఉద్యోగుల రవాణా బళ్ల సూపర్‌వైజరు,
హైదరాబాదు